వన్‌టౌన్ ఫుడ్ వాక్‌తో నా పేచీ

బెజవాడ పాత ఊరు వన్‌టౌన్ తిండి చూపిస్తామని జనాన్ని సాయంత్రం ఐదున్నరకి రమ్మంటున్నారు. ఆ వేళకి వన్‌టౌన్‌లో సగం పొయ్యిలు ఆర్పేసి, గిన్నెలు తోమి బోర్లించేసి ఉంటారు.

ఫుడ్ వాక్ అనే మాట ఈ మధ్య మన ఊళ్ళోకీ వచ్చింది. మనిషికి ఇంత అని ముందే ఫోన్‌లో కట్టించుకుంటారు. పదిహేను ఇరవై మందిని ఒక గైడ్ వెంట పాత వీధుల్లో తిప్పి, అక్కడో ముక్క ఇక్కడో ముక్క తినిపించి, రాత్రి తొమ్మిదికి వదిలేస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా పిన్ని కూతురు సరదా పడితే దాంతో పాటు నేనూ వెళ్ళాను. నేను పుట్టి పెరిగింది కొత్తపేటలో. మా నాన్న వన్‌టౌన్‌లోనే ఒక పప్పుల కొట్లో గుమాస్తాగా జీవితమంతా చేశారు. మా వీధులు నాకు చూపించడానికి ఎవరికో డబ్బు కట్టానంటే మా అమ్మ వారం రోజులు నవ్వింది. ఆవిడ నవ్వుకేం గానీ, ఈ నడకలు మంచివేనని నా నమ్మకం. మనవాళ్ళు నడిపించే దారే బాలేదు.

వన్‌టౌన్ తిండి, సరుకు వెనకాల వచ్చిన తిండి. సరుకు దిగే వేళకి, దిగే చోటికి తీసుకెళ్ళకుండా చివరికి ప్లేట్లో పడ్డదాన్ని మాత్రమే చూపిస్తే కడుపు నిండుతుంది గానీ ఊరు అంతుపట్టదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దీని మీద తగువు.

ముందు వేళ సంగతి. చీకటితోనే కాళేశ్వరరావు మార్కెట్ వైపు కూరగాయల బళ్ళు కదులుతాయి. (ఈ కాళేశ్వరరావు అంటే అయ్యదేవర కాళేశ్వరరావు, ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొట్టమొదటి స్పీకరు. ఇవాళ ఆయన పేరు ఎత్తితే ఊళ్ళో వంకాయలూ బెండకాయలూ గుర్తొస్తాయి. రాజకీయ నాయకుడికి ఇంతకన్నా మంచి పేరు ఏం మిగులుతుంది!) ముఠా కార్మికులు తలగుడ్డ చుట్టుకుని బస్తాలు దించడం మొదలుపెడితే ఆరయ్యేసరికి ఒక దఫా పని అయిపోతుంది. అప్పుడు వాళ్ళకి కావలసింది రుచి ఒక్కటే కాదు, పదకొండు దాకా ఆగే తిండి. అందుకే ఆ వేళ బండి మీద దొరికే ఇడ్లీ కాస్త గట్టిగా, పెద్దగా ఉంటుంది. పెసరట్టు మీద దోసెడు ఉప్మా పడుతుంది. ఆ ఉప్మా పెసరట్టుకి ఎమ్మెల్యేల పేరు తగిలించారు గానీ, దాని అవసరం బస్తాలు మోసేవాడికే ఎక్కువ. ఎమ్మెల్యేకి పదకొండింటికి మళ్ళీ ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు.

తొమ్మిది దాటాక కొట్లు తీసే గుమాస్తాల టీలు. మధ్యాహ్నం ఇళ్ళ నుంచి వచ్చే క్యారేజీలు, క్యారేజీ లేనివాళ్ళకి భోజనం హోటళ్ళు. నాలుగు గంటల నుంచి పునుగులూ బజ్జీలూ. రాత్రి కొట్లు కట్టేశాక ఇంకో రకం. ఇలా రోజులో నాలుగైదు వన్‌టౌన్‌లు ఉంటాయి, ఒకరు తినేవేళకి ఇంకొకరు ఉండరు. మన ఫుడ్ వాక్ వాటిల్లో ఒక్కదాన్ని పట్టుకుని వన్‌టౌన్ రుచులు అని బోర్డు పెట్టింది.

వినాయకుడి గుడి దగ్గర, కాలవ పక్కన, మా గైడ్ కాసేపు ఆపాడు. ఎందుకంటే సెల్ఫీల కోసం. నిజానికి ఆ రోజు నడకలో చెప్పుకోవలసిన కథ ఉన్న చోటు అదే.

1832-33లో నందన కరువు వచ్చింది. కృష్ణ పక్కనే పారుతున్నా గుంటూరు సీమ జనం తిండి లేక వేలకి వేలు చచ్చిపోయారు. డొక్కల కరువు అని కూడా అంటారు దాన్ని. నది ఉండి కూడా జనం ఆకలితో పోయారన్న సంగతి ఆనకట్ట దాకా తీసుకెళ్ళింది. 1852లో పని మొదలై 1855కి కృష్ణకి అడ్డంగా ఆనకట్ట నిలబడింది. (ఇప్పుడు మనం గాంధీ కొండ అంటున్నదాన్ని ఆ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు పేరు మీద ఓర్ హిల్ అనేవాళ్ళు.) ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957లో దాని జాగాలోకి వచ్చింది. ఆనకట్టతో బెజవాడ నుంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ బయల్దేరాయి. డెల్టాకి వరి వచ్చింది, అది అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోనిది, కాలవలు పడవలకి దారి కూడా అయ్యాయన్నది. ఏలూరు కాలవలో పడితే గోదావరి వైపు పోవచ్చు. నది అవతలి గట్టున కొమ్మమూరు కాలవలో పడితే బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు దాకా పోవచ్చు. కాకినాడ నుంచి మద్రాసు వెళ్ళే నీటిదారి మధ్యలో మన ఊరుంది. తరవాత 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది, బెజవాడ జంక్షనైంది.

దిగిన సరుకు దాచడానికి గోడౌన్లు కావాలి, అమ్మడానికి కొట్లు కావాలి, మొయ్యడానికి ముఠాలు కావాలి. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన ఆ మనుషులకి వండిపెట్టడానికి ఎవరో ఒకరు కావాలి. కొండకీ కాలవకీ రైలు పట్టాలకీ మధ్య ఇరుక్కున్న ఈ కాస్త జాగాలో ఇంత తిండి పేరుకోవడానికి కారణం అదీ. అమ్మవారి గుడికి వచ్చే యాత్రికులు కూడా కారణమే, కాదనను. దసరాకి ఆ జనాన్ని చూస్తే ఎవరూ కాదనలేరు. అయితే యాత్రికుడు పండగలకీ శుక్రవారాలకీ ఎక్కువొస్తాడు. ముఠా మేస్త్రికి రోజూ ఆకలేస్తుంది.

ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు చాలు. మా గైడ్ ఆ పది నిమిషాలూ ఒక బజ్జీల కొట్టు ముందు ఖర్చుపెట్టాడు. తాతల నాటి రహస్య మసాలా అన్నాడు. కొట్టాయన మూకుడు మీంచి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుని నవ్వుకున్నాడు. తరవాత నేను విడిగా అడిగితే, "రహస్యం పాడూ ఏం లేదమ్మా, వాము ఎక్కువేస్తాం, నూనె ఎప్పటికప్పుడు మారుస్తాం" అన్నాడు. నూనె మార్చడం నిజంగా చెప్పుకోదగ్గ సంగతి. బజ్జీల కొట్టులో డబ్బంతా ఆ నూనెలోనే ఉంటుంది, మార్చాలంటే గుండె ధైర్యం కావాలి. రహస్య మసాలా కన్నా ఆ మాట చెబితే వినేవాళ్ళకి ఆయన మీద గౌరవం పెరిగేది.

ఇంకో మాట కూడా అన్నాడు, వేల ఏళ్ళుగా ఆంధ్రులు కారం తింటున్నారని. మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది పదహారో శతాబ్దంలో. అంతకు ముందు మన నోరు మండించినవి మిరియాలూ పిప్పళ్ళూ అల్లమూ. కొండ మీద దుర్గమ్మతో పోలిస్తే మిరపకాయ నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన కొత్త కోడలు. ఇది చెబితే మన పరువేం పోదు. పైగా, వచ్చిన నాలుగైదు వందల ఏళ్ళలో పరాయి కాయని ఇంతలా సొంతం చేసుకున్నామన్నది ఇంకా పెద్ద కథ.

ఆ కథ ప్లేట్లో కనిపించదు, కారం మర దగ్గర కనిపిస్తుంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి నదికి అవతల గుంటూరు యార్డుకి కొత్త కాయ రావడం మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇటు మన ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా కారం ఆడించుకుంటారు. తొడిమలు తీసి, డాబా మీద ఎండబెట్టి, సంచీలో పోసుకుని ఆడవాళ్ళు మర దగ్గర వరస కడతారు. ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగి, ఈ రెండిట్లో ఏది ఎంత పాళ్ళన్నది ఇంటింటికీ మారుతుంది. ఆ పాళ్ళు మరవాడికి కంఠతా వచ్చు. ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేసే ఆ మనిషికి వన్‌టౌన్‌లో ఏ ఇంట్లో ఎంత కారం తింటారో తెలుసు. ఆయన్ని పలకరించకుండా ఇక్కడి తిండి గురించి మాట్లాడటమేంటి? మా ముందు మనిషి పసుపు ఆడించుకుని వెళితే, ఆ వెనక నా కారం పొయ్యొద్దని తగువు పడే మా అమ్మని చూసే నేను ఎర్రటి కారానికున్న విలువ నేర్చుకున్నాను.

ఇడ్లీ సంగతి కూడా అంతే. తమిళులు ఉప్పుడు బియ్యం నానబోసి రుబ్బుతారు. మనం మినప్పప్పు రుబ్బి బియ్యం రవ్వ కలుపుతాం, పప్పు ఒకటికి రవ్వ రెండు. రవ్వ బస్తాల్లో తయారుగా వస్తుంది కాబట్టి బండి పెట్టుకున్నవాడికి రుబ్బే పని సగం తగ్గుతుంది. ఇద్దరు మనుషులతో తెల్లారేసరికి వందల ఇడ్లీలు దింపగలగడం అందువల్లే. వెన్న వేసిన ఇడ్లీ కావాలంటే పట్టాలకి అవతల గాంధీనగర్‌లో బాబాయ్ హోటలుంది, దానికి రావలసిన పేరు దానికి వచ్చింది. ఇవతల బళ్ళ మీద ఇడ్లీ పక్కన కారప్పొడి, పల్లీ చట్నీ, అల్లం చట్నీ, అంతే. స్టీలు ప్లేటు మీద పాలిథిన్ కాగితం పరిచి ఇస్తారు. తిన్నాక కాగితం తీసి పడేస్తే ప్లేటు కడిగే పని లేదు. నీళ్ళు మోసుకొచ్చుకునే చోట ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో ఊహించుకోవచ్చు. వేడి ఇడ్లీ కింద ప్లాస్టిక్ మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. ఫుడ్ వాక్ వాళ్ళకి నిజంగా ఏమైనా చెయ్యాలనుంటే ఆ బళ్ళకి అరిటాకు ముక్కలు చేరవేసే ఏర్పాటు చెయ్యొచ్చు.

మే నెల మార్కెట్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆవకాయ రోజుల్లో మామిడికాయలు కొట్టేవాళ్ళు వరసగా కూచుంటారు. ఒక్కొక్కడి ముందు చెక్క దిమ్మ, దానికి ఒక చివర బందుతో బిగించిన పొడుగాటి కత్తి. కాయని దిమ్మ మీద నిలబెట్టి కత్తి ఒక్కసారి దించుతాడు. టెంకతో సహా రెండు చెక్కలవుతుంది. జీడిని బొటనవేలితో ఊడదీసి పక్కకి విసిరి, చెక్కలు మళ్ళీ తిప్పి, టకటకా ముక్కలు చేస్తాడు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే నూనెలో ఊరాక మెత్తబడిపోతుంది. పక్కన గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆవిడ కళ్ళు ఆ ముక్కల మీదే ఉంటాయి. టెంక ఊడిన ముక్క పడిందా, తీసి వెనక్కి ఇస్తుంది. వాడు మాట్లాడకుండా పుచ్చుకుంటాడు, ఎందుకంటే తప్పు తనది. కాయకి ఇంత అని తీసుకుంటాడు, రోజంతా అదే పని, సీజను అయిపోతే మళ్ళీ ఇంకేదో పని. కింద నేలంతా జీడ్లూ పులుపు వాసనా. ఇంటికెళ్ళి ముక్కలు గుడ్డతో తుడిచి, ఆవపిండీ కారమూ ఉప్పూ మెంతులూ వెల్లుల్లీ కలిపి పప్పునూనె పోసేదాకా ఆ పులుపు చేతులకి వదలదు. ఫుడ్ వాక్ పేరుతో జనాన్ని తీసుకొచ్చి ఇది చూపించకపోతే ఇంకేం చూపిస్తున్నట్టు? తినడానికి అక్కడ ఏమీ ఉండదు, నిజమే. తినడానికి ఏమీ లేని చోట ఆపడం మన గైడ్‌లకి ఇంకా అలవాటు కాలేదు.

ఇక పునుగుల బండి. నాకు నిజంగా ఒళ్ళు మండింది ఇక్కడే. బండి నడిపే అక్క పిండిని పిడికిట్లోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నొక్కి నూనెలోకి జారవిడుస్తుంది. చూపు నూనె మీద ఉండదు, డబ్బులిచ్చేవాడి మీద ఉంటుంది. అయినా అన్నీ ఒకే సైజు. మునిగిన ఉండ క్షణంలో తేలి, ఒక పక్క కాలగానే వాటంతటవే కొన్ని తిరగబడతాయి, బద్ధకించినవాటిని చిల్లుల గరిటె తోస్తుంది. పొద్దున అట్లకీ ఇడ్లీకీ రుబ్బిన పిండే పులిసి సాయంత్రానికి పునుగులవుతుంది. ఇందులో పారబోత లేదు, పులుపు కూడా దానికి అదే వస్తుంది.

మేం ఇరవై మందిమీ ఆ బండి చుట్టూ మూగాం. గైడ్ చెబుతున్నాడు, జనం ఫోన్లు ఎత్తి తీసుకుంటున్నారు, ప్లేటుకి ఇద్దరు చొప్పున రుచి చూస్తున్నారు. మా వెనకాల ఆటోవాళ్ళు ముగ్గురు, టీ విరామంలో వచ్చిన బట్టల కొట్టు అమ్మాయిలు. కాసేపు చూశారు. ఒక అమ్మాయి, "అక్కా, పది రూపాయలవి..." అని చెయ్యి చాపింది గానీ మా మధ్య నుంచి ఆ చెయ్యి అందలేదు. టైమైపోతోందని వెళ్ళిపోయారు. అక్క వాళ్ళ వైపు చూసింది, మమ్మల్ని ఏమీ అనలేదు. మేము తిన్న ప్లేట్లకి గైడ్ డబ్బిచ్చాడు, మామూలు ధరే. మేం కట్టినదాంట్లో అది ఏ మూలకి? రోజూ వచ్చే ఆ పిల్లలు నాలుగు రోజులు అందక తిరిగిపోతే ఇంకో బండి చూసుకుంటారు, ఆ నష్టం ఫుడ్ వాక్ వాళ్ళది కాదు.

వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్రం చట్టం చేసింది. దాని ప్రకారం ఊళ్ళో వెండింగ్ కమిటీ సభ్యుల్లో కనీసం 40 శాతం బళ్ళవాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. బండి ఎక్కడ పెట్టాలో బండివాళ్ళని అడగాలని చట్టానికే తోచింది. "ఏ వేళకి తీసుకురమ్మంటావు అక్కా, ఎంతమందైతే నీకు ఇబ్బంది ఉండదు?" అని అడగడానికి ఫుడ్ వాక్ వాళ్ళకి చట్టం కూడా అక్కర్లేదు. అడిగితే మూడింటికి రమ్మంటుంది, బేరాలు లేని వేళ. ఆరుగురిని తెమ్మంటుంది.

సామారంగం చౌక్ నుంచి మా దండు వెనక్కి తిరిగింది. పంజా సెంటర్ వైపు వెళ్ళలేదు. శాకాహార నడక అని ముందే రాశారు కాబట్టి తప్పు పట్టను. అలాంటప్పుడు దాన్ని మొత్తం వన్‌టౌన్ అనకూడదు. రంజాన్ నెల సాయంత్రాల్లో పంజా సెంటర్‌లో హలీమ్ డేగిసాల ముందు నిలబడే జనంలో సగం మంది రోజా ఉండేవాళ్ళు కాదు, మా కొత్తపేటవాళ్ళే. కచోరీ, జిలేబీ అమ్మే మార్వాడీ కొట్టు ముందు నుంచి కూడా ఆగకుండా నడిపించాడు, "ఇది మనది కాదు" అన్నాడు. తరాల కిందట వచ్చి ఇక్కడే కొట్లు పెట్టుకుని, నా కన్నా స్వచ్ఛమైన బెజవాడ యాసలో బేరాలాడే మనుషులు. పోర్చుగీసు మిరపకాయ మనదైనప్పుడు కచోరీకేం పాపం?

రాత్రి ఇంటికొచ్చాక ఈ గొడవంతా వెళ్ళబోసుకుంటే మా చెల్లి ఓపిగ్గా విని, "నువ్వు చెప్పినట్టు తెల్లారుజామున కారం మర చూద్దాం రండంటే ఎవడొస్తాడక్కా? నేనే రాను" అంది. దాని మాట కొట్టిపారేసేది కాదు. టోకు వ్యాపారం చాలావరకు గొల్లపూడి కాంప్లెక్సుకి తరలిపోయింది. బస్తాలు తగ్గాయి, బస్తాలతో పాటు వాటిని మోసేవాళ్ళూ తగ్గారు. పొద్దున ఆరింటి ఇడ్లీకి ఒకప్పటి గిరాకీ లేదని బళ్ళవాళ్ళే చెబుతారు. బెంజి సర్కిల్‌లో పెరిగిన పిల్లలు అమ్మవారి దర్శనానికి తప్ప ఇటు రారు. ఈ నడకలు రాకపోతే ఆ సాయంత్రం బేరం కూడా ఉండదేమో. పర్యాటకుడి డబ్బు ముఠావాడి డబ్బు జాగాలోకి రావడం నాకు ఇష్టమా అంటే కాదు, వద్దనే ధైర్యముందా అంటే అదీ లేదు.

అందుకే మానెయ్యమనను, మార్చుకోమంటాను. గైడ్‌గా ఇంగ్లీషు బాగా వచ్చిన కుర్రాణ్ణి ఒక్కణ్ణే పెట్టకుండా, పక్కన రిటైరైన గుమాస్తానో మేస్త్రినో పెట్టి ఆయనకీ రోజు కూలి ఇవ్వండి. మా నాన్న పిడికెడు కందిపప్పు అరచేతిలో పోసి ఏ ఊరి సరుకో, కొత్తదో పాతదో చెప్పేవారు. అలాంటివాళ్ళు వన్‌టౌన్‌లో ఇంకా అరుగుల మీద పేపరు చదువుకుంటూ ఖాళీగా కూచుని ఉన్నారు. ప్రతి చోటా ముక్క కొరికించడం మాని, ఒక్కచోట కూచోబెట్టి కడుపునిండా ఒక టిఫిను పెట్టించండి. బిల్లు ఆ కొట్టుకే నేరుగా కట్టించండి.

ఇక రాదలుచుకున్నవాళ్ళకి. మే నెలలో రండి, ఎండకి భయపడకుండా, తెల్లారుజామునే. ముందు టిఫిను చెయ్యండి, తొమ్మిది దాటితే పెసరట్టు పిండి అయిపోతుంది. తరవాత మార్కెట్‌కి వెళ్ళి కాయ మీరే ఏరుకోండి. పుల్లగా, గట్టిగా, పీచుండేది చూడండి, పండుబారింది వద్దు. కొట్టించుకోవడానికి గిన్నె మీరే తెచ్చుకోవాలి, మూతున్నదైతే మంచిది. టెంక ఊడిన ముక్క వేస్తే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చెయ్యండి, ఆయనేమీ అనుకోడు.